ఆయిలు చెప్పే కబురు



అన్నం ఉడికిందో లేదో ఎలా చూస్తాం? ఒక్క మెతుకు పట్టి చూస్తాం. లారీ ఇంజన్ సంగతీ అంతే. లోపల ఏం జరుగుతోందో మొదటి కబురు ఆయిలే చెబుతుంది.

"లారీతో మాకేం పని?" అనకండి. ఒక్క లారీ మీద బతికే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మా పెద్దక్క ఇల్లూ అలాంటిదే. బావ సొంత లారీ నడుపుతాడు. పాత బండి. 6 లక్షల 40 వేల కిలోమీటర్లు తిరిగింది. నెలనెలా ఫైనాన్సు వాయిదా కట్టాలి. బండి ఆగితే పొయ్యి ఆగినట్టే.

అక్క నోటు పుస్తకం

అక్క చదువు నేర్చుకున్నాక ఒక నోటు పుస్తకం పెట్టింది. వారం వారం ఆయిలు చూసి అందులో రాసేది. ఒక నెలలో ఇలా రాసింది:

3వ తేదీ – అర లీటరు పోశాం.
10వ తేదీ – అర లీటరు పోశాం.
17వ తేదీ – పోయలేదు. అయినా ఆయిలు పై గీత దాటింది. రంగు పాలు కలిపిన టీ లాగా ఉంది.

ఆ రోజే బావ గుంటూరులో మిర్చి లోడు ఎత్తాలి.

"ఏమండీ, పోయకుండా ఆయిలు ఎలా పెరిగిందండీ?" అని అడిగింది అక్క.

"పాత బండి ఆయిలు తాగుతుంది. తగ్గాలి గానీ పెరుగుతుందా? నువ్వు సరిగ్గా చూసుండవు" అన్నాడు బావ.

అక్క ఊరుకోలేదు. మళ్లీ చూసింది. ఎలా చూడాలో మనమూ నేర్చుకుందాం.

ఆయిలు ఎలా చూడాలి?

1. బండిని చదునైన నేల మీద ఆపాలి. ఇంజన్ ఆపి పది పదిహేను నిమిషాలు ఆగాలి. పైనున్న ఆయిలు కిందికి దిగుతుంది.
2. ఆయిలు చూసే పొడవాటి కడ్డీని బయటకు లాగాలి. దీన్ని డిప్‌స్టిక్ అంటారు. శుభ్రమైన గుడ్డతో తుడవాలి.
3. మళ్లీ చివరిదాకా లోపల పెట్టి తీయాలి.
4. కడ్డీ మీద రెండు గీతలు ఉంటాయి. ఆయిలు ఆ రెంటి మధ్య ఉండాలి. కింది గీత కంటే తగ్గినా, పై గీత దాటినా మంచిది కాదు.
5. రంగు చూడాలి. వాసన చూడాలి. ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఏ రంగుకు ఏ అర్థం?

నలుపు: డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిలు కూడా కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. డీజిల్ మండినప్పుడు మసి వస్తుంది. ఆ మసిని ఆయిలు తనలో కలుపుకుంటుంది. అది దాని పనే. నలుపు చూసి భయపడొద్దు. కానీ తారులా చిక్కబడితే మాత్రం ఆయిలు మార్చే గడువు దాటిందని అర్థం.

పాలు కలిపిన టీ రంగు: ఆయిల్లో నీళ్లు కలిశాయి. ఇది పెద్ద ప్రమాదం. చలికాలంలో ఆయిలు పోసే మూత కింద మాత్రమే కొంచెం తెల్లటి నురగ కనిపిస్తే అది గాలిలోని తేమ కావచ్చు. కడ్డీ మీద కూడా అదే రంగు ఉంటే బండి తీయకూడదు.

పలచబడి డీజిల్ వాసన వస్తే: డీజిల్ లీకై ఆయిల్లో కలుస్తోంది. అప్పుడు కూడా ఆయిలు మట్టం పెరుగుతుంది.

జరీ పొడిలాంటి మెరుపు: లోపల ఇనుమో, బేరింగులో అరుగుతున్నాయి.

రంగు బాగానే ఉండి మట్టం తగ్గిపోతుంటే: ఆయిలు ఎక్కడో కారుతోంది, లేదా లోపల కాలిపోతోంది. కాలిపోతుంటే గొట్టంలోంచి నీలం పొగ వస్తుంది.

అక్క ఎలా తేల్చింది?

ఆయిలు పెరిగిందంటే వేరే ఏదో వచ్చి కలిసింది. నీళ్లా? డీజిలా? అక్క వాసన చూసింది. డీజిల్ వాసన లేదు. ఇంజన్ బాగా చల్లారాక రేడియేటర్ మూత తీయించింది. నీళ్లు తగ్గి ఉన్నాయి. బయట ఎక్కడా కారిన తడి లేదు. మరి ఆ నీళ్లు ఎటు పోయినట్టు?

వంటకు పనికిరాని పాత పెనం వేడి చేసింది. పొయ్యి మీద నుంచి దించి, దూరంగా పెట్టింది. దాని మీద ఒక్క చుక్క ఆయిలు వేసింది. చిటపటమంది! తాలింపులో తడి పడితే ఏమవుతుందో మనకు తెలిసిందే కదా.

"లోడుకు మాట ఇచ్చాను. వెళ్లొచ్చి చూపిద్దాంలే" అన్నాడు బావ.

"ఈ కిరాయి పోతే ఇంకో కిరాయి వస్తుందండీ. ఇంజన్ పోతే మనకేం మిగులుతుంది?" అంది అక్క. నోటు పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. బావ మూడు తేదీలూ చదివాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

బండిని స్టార్టు చేయలేదు. వేరే లారీకి కట్టి విజయవాడ ఆటోనగర్‌కు లాక్కెళ్లారు. మెకానిక్ ఇంజన్ హెడ్డు విప్పాడు. దాని కింద ఉండే గాస్కెట్ ఒకచోట కాలిపోయింది. నీటి దారిని, ఆయిలు దారిని విడిగా ఉంచేది ఆ గాస్కెట్టే. అది పాడై నీళ్లు ఆయిల్లోకి దిగాయి.

నీళ్లకు ఆయిలుకున్న జిగురు లేదు. నీళ్లు కలిసిన ఆయిల్‌తో బండి నడిపితే బేరింగులు అరిగి పట్టేస్తాయి. అప్పుడు ఇంజన్ మొత్తం విప్పాల్సిందే.

గాస్కెట్ మార్చారు. పాత ఆయిలు తీసేసి లోపల శుభ్రం చేశారు. కొత్త ఆయిలు, కొత్త ఫిల్టర్ వేశారు. నాలుగు రోజులు బండి నిలిచింది. ఒక కిరాయి పోయింది. ఇంజన్ దక్కింది. ఇప్పుడు బావే అడుగుతాడు, "ఈ వారం పుస్తకంలో ఏం రాశావు?" అని.

గుర్తుంచుకోండి

వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయొద్దు. మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి.
పాత ఆయిలు కాలువలో, చేలో పారబోయొద్దు. నీళ్లూ, నేలా పాడవుతాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి.

జవాబులు రాయండి

1. డీజిల్ ఇంజన్ ఆయిలు నల్లగా ఉంటే భయపడాలా? ఎందుకు?
2. ఆయిలు పోయకుండానే మట్టం పెరిగితే ఏమేమి కలిసి ఉండొచ్చు?
3. మీ ఇంట్లో బండి గానీ, పొలంలో ఆయిల్ ఇంజన్ గానీ ఉందా? ఈ వారం ఆయిలు చూడండి. తేదీ, మట్టం, రంగు మీ పుస్తకంలో రాయండి.