తులసిదళం: రెండోసారి చదివిన పాఠం

నవలలు చదివితే చదువు చెడుతుందని పెద్దలంటారు. నేను మాత్రం ఒక నవలను రెండుసార్లు చదివి ఒక పాఠం నేర్చుకున్నాను. అది మన కెమిస్ట్రీ, జువాలజీ పుస్తకాల్లో ఉన్నదే గాని, అక్కడ చదివినప్పుడు తలకెక్కలేదు.

ఆ నవల యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. 1980ల తొలి రోజుల్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి ఇంటింటా భయం పుట్టించింది. తులసి అనే పసిపాప మీద కాద్రా అనే మాంత్రికుడు ‘కాష్మోరా’ను ప్రయోగించటం అందులో కథ.

ఎనిమిదో తరగతిలో ఉండగా అట్ట ఊడిన పాత ప్రతి ఒకటి దొరికితే, గడ్డివాము చాటున కూచుని చదివాను. వారం రోజులు చీకటి పడితే గడప దాటలేదు. ఆ ఏడే మా చిన్నాయన పత్తిచేన్ల మందు కొడుతూ పడిపోయిండు. నోట్లో నురగ, ఒళ్ళంతా చెమట, కండరాలు ఒకటే అదురుడు. “ఎవరో చేసిండ్రు” అన్నరు ఊళ్ళో. ఒంటరిగా ఉండే ఒక అవ్వ మీదికి వేలు పోయింది. ముందు మంత్రగాని దగ్గరికి, సగం రాత్రి గడిచినంక దవాఖానకు తీసుకపోయిండ్రు. చిన్నాయన బతికిండు. అవ్వ ఇంటికి మాత్రం పోయేవాళ్ళు లేకుండా పోయిండ్రు. నేనూ ఆ వాకిలి ముందునుంచి నడవటం మానేసిన. ఆమెను చూస్తే నాకు కాద్రా గుర్తొచ్చేవాడు.

మొన్న ఎండాకాలం సెలవుల్లో అదే నవల మళ్ళీ చదివాను. అప్పుడు కనబడనివి మూడు కనబడ్డాయి.

ఒకటి: ఇందులో శ్మశానం ఎంత ఉన్నదో ఆసుపత్రీ అంత ఉన్నది. మంత్రమూ వైద్యమూ చివరిదాకా పక్కపక్కనే నడుస్తాయి. చిన్నప్పుడు డాక్టర్ల పేజీలు నేనే దాటేశాను.

రెండు: పాప మీదికి వచ్చిన ఆపద వెనక ఆస్తి మీద ఆశ ఉన్నది. దయ్యం కన్నా ముందు మనిషినే చూడాలి.

మూడు: నవల రెండు దారులూ చూపి పాఠకుణ్ణి కూడలిలో నిలబెడుతుంది. రంగనాయకమ్మ గారు ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని కోపంగా విమర్శించింది ఇందుకే కాబోలు. కథకు అది బిగువు. ఊరికి మాత్రం ప్రమాదం.

ఇక మన పాఠానికి వద్దాం. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి. అసిటైల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైమును పని చేయనియ్యవు. అప్పుడు నరాల చివర అసిటైల్‌కొలిన్ పేరుకుపోతుంది. అందుకే చొంగ, చెమట, సూదిమొనంత కంటిపాపలు, కండరాల అదురు, చివరికి శ్వాస ఆగటం. మాంత్రికుడు ‘గాలి సోకింది’ అని చూపే గుర్తులు ఇవే. దీనికి విరుగుడు అట్రోపిన్. మన గట్ల మీది ఉమ్మెత్తలోనూ ఆ పదార్థం ఉన్నది. అట్లని ఉమ్మెత్త తినిపిస్తే అది మరో విషం. చేయవలసింది ఒక్కటే: తడిసిన బట్టలు విప్పి, సబ్బునీళ్ళతో కడిగి, మందు డబ్బాతో సహా దవాఖానకు ఉరకటం.

మరి చేతబడి భయంతోనే మంచం పట్టేవాళ్ళ సంగతి? వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు 1942లో దీని మీదే వ్యాసం రాశాడు. విపరీతమైన భయం అడ్రినలిన్‌ను ఉధృతం చేసి గుండెను, రక్తపోటును దెబ్బతీయగలదని ఆయన వాదం. అంటే పని చేసేది మంత్రం కాదు, నమ్మకం.

మన గద్వాల పక్కనే ఉన్న రాయచూరు కర్ణాటకది. ఆ రాష్ట్రం 2017లో దుష్టాచారాలకు, చేతబడికి విరుద్ధంగా చట్టం చేసింది. అంతకుముందు 2013లో మహారాష్ట్ర చేసింది, అదీ నరేంద్ర దాభోల్కర్ హత్య జరిగినంక. చట్టం నేరస్థుణ్ణి పట్టుకోగలదు గాని, పక్కింటివాని చూపును మార్చలేదు. ఆ పని చదువుకున్న మనది.

పుస్తకం మూసినంక, బిడ్డ ఊరికి వెళ్ళిపోయిన ఆ అవ్వను వెతుక్కుంటూ పోయిన. చెప్పాలనుకున్న మాట నోటికి రాలేదు. ఆమే మజ్జిగ చేతికిచ్చి, “మీ చిన్నాయన మంచిగున్నడా బిడ్డా?” అని అడిగింది.

నవల తప్పో, నేను చదివిన తీరు తప్పో మీరే తేల్చండి. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో, మన ఊళ్ళలో ఈసారి ఎవరైనా చేన్లో పడిపోతే మాత్రం, ముందు వాసన చూడండి, మందు డబ్బా వెతకండి. మనిషి మీద వేలు చూపకండి.