పనుల చిట్టా నోట్స్ యాప్‌లో.. గడువు తేదీ క్యాలెండర్‌లో

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో యూసీఐఎల్ (యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) గని ప్రాజెక్టుకు 2007లో శంకుస్థాపన జరిగింది. చుట్టుపక్కల ఊళ్లలో ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలకు గని ఉద్యోగం కళ్లెదుటే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ మైనింగ్ మేట్, బ్లాస్టర్ లాంటి పోస్టులకు గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ ఇచ్చే కాంపిటెన్సీ సర్టిఫికెట్ అడుగుతారు. దానికి దరఖాస్తు పెట్టాలంటే గనిలో పనిచేసిన అనుభవ పత్రం, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్, వైద్య ధ్రువపత్రం కావాలి. నోటిఫికేషన్ పడ్డాక వీటి కోసం తిరగడం మొదలుపెడితే గడువులోపు అయ్యే పని కాదు.

ఇలాంటి పనిని 'ఫలానా తేదీకి అప్లై చేయాలి' అని ఒక్క ముక్క రాసుకుంటే సరిపోదు. ఏ పత్రం ఎవరిస్తారు, ఎవరిని కలిశాం, ఏం చెప్పి పంపారు, ఇంకా ఏం తక్కువైంది అన్నవన్నీ పనితో పాటే ఒకచోట ఉండాలి. అలారం యాప్‌లో అంత చోటు ఉండదు. వాట్సాప్‌లో మనకు మనమే పంపుకున్న మెసేజ్‌లు నెల తిరిగేసరికి ఎక్కడో కిందికి పోతాయి. ఫోన్‌లోనే దాచుకునే నోట్స్ యాప్ అక్కరకొచ్చేది ఇక్కడే. ఆబ్సిడియన్, జోప్లిన్ రెండూ ఉచితంగా దొరుకుతాయి. రాసుకున్నది మన ఫోన్‌లోనే ఉంటుంది, తెలుగులో టైప్ చేసి తెలుగులోనే వెతుక్కోవచ్చు. బస్సులో సిగ్నల్ పోయినా, డేటా అయిపోయినా నోట్స్ తెరుచుకుంటాయి.

ఒక నోట్ ఎలా ఉండాలో చూడండి. పేరు 'ఎస్ఎస్‌సీ', అంటే కేంద్ర ఉద్యోగాల స్టాఫ్ సెలక్షన్ కమిషన్. మొదటి వరుసలో రిజిస్ట్రేషన్ నంబర్, పక్కనే 'కొత్త వెబ్‌సైట్‌ది' అన్న మాట. 2024 ఫిబ్రవరిలో ఎస్ఎస్‌సీ కొత్త సైట్‌కు మారినప్పుడు పాత రిజిస్ట్రేషన్ చెల్లలేదు, అందరూ మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది కదా. దాని కింద టిక్కు పెట్టుకునే గడులు: ఫొటో, సంతకం, ఫీజు రసీదు, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) పత్రం. ఈడబ్ల్యూఎస్ దగ్గర ఒక వాక్యం అదనంగా రాసుకోవాలి. గత ఆర్థిక సంవత్సరం ఆదాయం చూసి ఇచ్చే పత్రం కాబట్టి నిరుటిది ఈ ఏడాదికి పనికిరాదు. ఆ ఒక్క వాక్యం వచ్చే ఏప్రిల్‌లో మిమ్మల్ని సచివాలయానికి ముందుగానే నడిపిస్తుంది.

కంపెనీల సర్వర్ల మీదే ఆధారపడితే ఏమవుతుందో చూశాం. పనుల చిట్టా యాప్ వండర్‌లిస్ట్‌ను 2020 మేలో మూసేశారు. నోట్స్ యాప్ ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలకు 50 నోట్సే పరిమితి అంది. ఆబ్సిడియన్‌లో రాసింది మామూలు టెక్స్ట్ ఫైలు. రేపు ఆ యాప్ లేకపోయినా వేరే దేంట్లోనైనా తెరుచుకుంటుంది.

ఇక ఇబ్బందులు. అన్నిటికన్నా పెద్దది, ఆబ్సిడియన్ తనంతట తాను గుర్తుచేయదు. గడువు తేదీ చక్కగా రాసి పెట్టుకుంటారు, యాప్ తెరవరు, తేదీ దాటిపోతుంది. జోప్లిన్‌లో పనికి అలారం పెట్టుకోవచ్చు గానీ, బ్యాటరీ సేవర్ ఉన్న ఫోన్లలో మోత ఆలస్యం కావచ్చు. కాబట్టి ఫీజు చివరి తేదీ, పరీక్ష తేదీ, ఆన్సర్ కీ అభ్యంతరాల గడువు.. ఈ మూడూ ఫోన్ క్యాలెండర్‌లో పడాల్సిందే, అదీ 3 రోజుల ముందు మోగేలా. ఈ జాగ్రత్త తీసుకోలేనివాళ్లకు నోట్స్ యాప్ మేలు కంటే కీడే చేస్తుందని నా అభిప్రాయం.

రెండోది, ఫోన్ పోతే అంతా పోతుంది. ఆండ్రాయిడ్‌లో ఆబ్సిడియన్ మొదలుపెట్టేటప్పుడు 'యాప్ స్టోరేజ్' ఎంచుకుంటే, యాప్ తీసేసిన రోజే నోట్స్ కూడా చెరిగిపోతాయి. 'డివైస్ స్టోరేజ్' ఎంచుకోండి. వారానికొకసారి నోట్స్ ఉన్న ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకో, గూగుల్ డ్రైవ్‌లోకో కాపీ చేసుకోండి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలోనో చదువుతూ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఇది రెండు నిమిషాల పని. అలాగే పాస్‌వర్డ్‌లు, ఆధార్ నంబర్ ఈ నోట్స్‌లో రాయకండి. ఫోన్ తెరిచిన ఎవరైనా వాటిని చదివేయగలరు.

ప్లగిన్లు, రంగులు, థీమ్‌ల జోలికి అసలు పోవద్దు. గ్రూప్-2 సిలబస్ తెరవకుండా యాప్ సర్దుకుంటూ సాయంత్రాలు గడిపేవాళ్లు ఎంతోమంది. ఒకే పరీక్షకు చదువుతూ నాలుగైదు పనులే ఉన్నవాళ్లకు చిన్న నోటుపుస్తకం చాలు. మూడు నాలుగు నోటిఫికేషన్లు ఒకేసారి నడుపుతున్నవాళ్లకే ఈ పద్ధతి గిట్టుబాటు.

అలాంటివాళ్లయితే ఈ ఆదివారం ఒక గంట కూర్చోండి. అప్లై చేసిన ప్రతి ఉద్యోగానికీ ఒక నోట్ తెరిచి, మీ దగ్గరున్న ధ్రువపత్రాల్లో ఏది ఏ తేదీ వరకు చెల్లుతుందో ముందు అది రాయండి.