బడి బయట ఒక పాఠం: లండన్‌లో మన అమరావతి



పిల్లలు సెకండరీ స్కూల్లో చేరగానే మన ఇళ్లలో లెక్కలు మారిపోతాయి. అప్పటిదాకా శనివారం తెలుగు తరగతికీ, ఆదివారం గుడికీ వచ్చినవాళ్లు ట్యూషన్ల బాట పడతారు. జీసీఎస్ఈ దగ్గరపడే కొద్దీ "ఇప్పుడు ఇవన్నీ ఎందుకండీ, వీటికి మార్కులేమైనా వస్తాయా?" అని అడిగే తల్లిదండ్రుల సంఖ్య పెరుగుతుంది. అడగడంలో తప్పు లేదు. ఈ దేశంలో తెలుగుకు జీసీఎస్ఈ పరీక్షే లేదు. మార్కులు రాని చదువు కోసం ఒక శనివారం ఇమ్మని అడుగుతున్నప్పుడు, ఎందుకో చెప్పవలసిన బాధ్యత మాదే. అందుకని ఈ సంచికలో పాఠానికి బదులు ఒక విజ్ఞానయాత్రను మీ ముందు పెడుతున్నాం. పన్నెండేళ్లు దాటిన పిల్లలతో కలిసి ఏ కుటుంబమైనా ఒక పూటలో చేసి రాగలిగిన యాత్ర ఇది.

ఎక్కడికి?

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి. ఈజిప్టు మమ్మీలను చూడడానికి మన పిల్లల్లో చాలామంది బడి తరఫున అక్కడికి వెళ్లే ఉంటారు. అదే భవనంలో 33ఏ అనే గదిలో, అద్దాల గోడల వెనక, గుంటూరు సీమలోని అమరావతి మహాస్తూపం శిల్పాలు నూటికి పైగా ఉన్నాయి. భారతదేశం బయట అమరావతి శిల్పాలు ఇంత పెద్ద సంఖ్యలో కనిపించే చోటు ఇదే. శాశ్వత ప్రదర్శనలకు ప్రవేశ రుసుము లేదు. బృందంగా వెళితే ముందుగా బుక్ చేసుకోవాలి. గదులను అప్పుడప్పుడు మూసివేస్తుంటారు కాబట్టి బయలుదేరే ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోండి.

వెళ్లే ముందు తెలుసుకోవలసినది

కృష్ణా నది ఒడ్డున, ధాన్యకటకం అనే పట్టణం పక్కన ఈ స్తూపం వెలసింది. క్రీస్తుపూర్వం మొదలైన కట్టడం శాతవాహనుల కాలంలో పెరిగి, క్రీస్తుశకం మూడో శతాబ్దం దాకా కొత్త శిల్పాలతో నిండుతూ వచ్చింది. రాయి పలనాటి సున్నపురాయి. కాలక్రమంలో స్తూపం మట్టిదిబ్బగా మారింది. ఊరివాళ్లు దాన్ని దీపాలదిన్నె అన్నారు.

1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టించినప్పుడు, ఇటుక కోసం, రాయి కోసం ఆ దిబ్బను తవ్వారు. ఆ కబురు విని 1798లో కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో పుట్టిన ఇతను తరువాత భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1816లో మళ్లీ బృందంతో వచ్చి శిల్పాలకు బొమ్మలు గీయించాడు. ఆ చిత్రాల సంపుటం నేడు లండన్‌లోనే బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మన భాషలు, గ్రామ చరిత్రలు మెకంజీకి అందేలా చేసినవాళ్లు ఏలూరు ప్రాంతపు తెలుగువాళ్లు, కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య. పిల్లలకు మెకంజీ పేరు చెప్పేటప్పుడు వీళ్ల పేర్లు కూడా చెప్పండి.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాలు జరిపి చాలా రాళ్లను మద్రాసుకు పంపాడు. 1859లో వాటిలో కొన్ని ఓడ మీద లండన్ చేరాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియం వాటిని తీసుకుంది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నాయి. కొన్ని అమరావతిలోనే ఉన్నాయి.

రాళ్ల ముందు నిలబడి చూడవలసినవి

గదిలోకి వెళ్లగానే ఫోను తీయవద్దని పిల్లలకు ముందే చెప్పండి. మొదటి పది నిమిషాలు ఉత్త కళ్లతో చూడాలి. తరువాత ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి ఈ నాలుగింటిని వెతకమనండి.

ఒకటి, ఖాళీ ఆసనం. తొలినాటి శిల్పాల్లో బుద్ధుడి రూపం ఉండదు. బోధివృక్షం, దాని కింద ఖాళీ పీఠం, చుట్టూ నమస్కరించే జనం కనిపిస్తారు.

రెండు, చిన్ని పాదాలు. మాయాదేవి కల, సిద్ధార్థుని జననం చెక్కిన పలకలో శిశువు కనిపించడు. దేవతలు పట్టుకున్న వస్త్రం మీద అడుగుల గుర్తులు మాత్రం ఉంటాయి. వాటిని ముందుగా పట్టుకున్న పిల్లలు మిగతావాళ్లకు చూపించాలి.

మూడు, రెండు వైపులా చెక్కిన పలక. ఒకవైపు పాత కాలపు చెట్టు, పీఠం. సుమారు మూడు శతాబ్దాల తరువాత అదే రాయిని తిప్పి, రెండో వైపు మొత్తం స్తూపాన్నే చెక్కారు. అసలు కట్టడం ఎలా ఉండేదో నేడు మనకు ఈ బొమ్మ వల్లనే చాలావరకు తెలుస్తోంది.

నాలుగు, తామరపూలు. రాతి కంచె స్తంభాల మీద ఎన్ని రకాలుగా చెక్కారో లెక్కపెట్టి, ఒకదాన్ని గీసుకు రమ్మనండి.

పిల్లలు తప్పక అడిగే రెండు ప్రశ్నలు

"ఇది బౌద్ధం కదా, మన గుడివాళ్లు ఎందుకు చూపిస్తున్నారు?" ఇది మొదటి ప్రశ్న. అమరావతి శాసనాల్లో విధికుడు అనే చర్మకారుడు కుటుంబంతో కలిసి ఒక పూర్ణఘటం పలకను దానం చేసినట్టు ఉంది. నీళ్లతో, పూలతో నిండిన ఆ ఘటం పిల్లలకు కొత్తది కాదు. వరలక్ష్మీ వ్రతానికి ఇంట్లో అమ్మ పెట్టే కలశాన్ని చూసినవాళ్లు దాన్ని పోల్చుకోగలరు. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోనూ అది ఉంది. మతాలు వేరైనా మట్టి ఒకటే. తోలుపని చేసుకునే మనిషి పేరు కూడా రాతి మీద నిలిచిందన్న సంగతి మన గుడికి వచ్చే పిల్లలు తెలుసుకోవలసినదే.

"ఈ రాళ్లు ఇక్కడ ఎందుకున్నాయి? తిరిగి ఇచ్చేయాలి కదా?" ఇది రెండోది. దీన్ని దాటవేయకండి. పరాయి పాలన లేకపోతే ఈ రాళ్లు ఓడ ఎక్కేవి కావు. ఆ దిబ్బను తవ్వి రాళ్లను కట్టడాలకు వాడుకున్నది మొదట మనవాళ్లే. రెండూ నిజాలే. పిల్లలకు రెండూ చెప్పి, తీర్పు వాళ్లకే వదలండి. పదిహేనేళ్ల పిల్లలకు తమ ఊళ్ల గురించి ఇంత పెద్ద ప్రశ్న మీద ఆలోచించే అవకాశం ట్యూషన్‌లో దొరకదు.

మార్కుల సంగతి

ఇక తల్లిదండ్రుల ప్రశ్నకు వద్దాం. 2026 ప్రవేశాల నుంచి యూకాస్ దరఖాస్తులోని వ్యక్తిగత వివరణ మూడు ప్రశ్నలుగా మారింది. చదువుకు బయట ఏం చేశారు, అది ఎలా ఉపయోగపడుతుంది అన్నది వాటిలో ఒకటి. ఈ యాత్ర గురించి రెండు పేజీలు సొంతంగా రాసిన పిల్లలకు అక్కడ చెప్పడానికి సొంత మాటలు ఉంటాయి.

డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డు సంగతీ చాలామంది అడుగుతున్నారు. దాని కాంస్య స్థాయిలో సేవ, శారీరక శ్రమ, నైపుణ్యం, రెండు రోజుల కాలినడక యాత్ర ఉంటాయి. గుడిలో అన్నదానం వడ్డించడం, చిన్నపిల్లలకు తెలుగు నేర్పడం లాంటివి సేవగా చూపించుకోవచ్చు. ముందుగా బడిలోని నిర్వాహకుల అనుమతి తీసుకోండి. పిల్లల పనిని అంచనా వేసి సంతకం చేసేవారు బంధువులై ఉండకూడదు.

డబ్బు ఇబ్బంది వల్ల బడి యాత్రలు మానిపించే కుటుంబాలు మనలోనూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే బడులు, బడి వేళల్లో జరిగే యాత్రలకు స్వచ్ఛంద విరాళం మాత్రమే అడగాలి. ఇవ్వలేదని ఏ పిల్లనూ వదిలి వెళ్లకూడదు. చాలినంత డబ్బు రాకపోతే యాత్రను రద్దు చేయవచ్చు. రాత్రి బస ఉంటే బస, భోజనం ఖర్చు అడగవచ్చు. కొన్ని ప్రభుత్వ భత్యాలు పొందే కుటుంబాలకు అందులోనూ మినహాయింపు ఉంది. మొహమాటపడకుండా బడి ఆఫీసులో అడగండి. బడి వేళల బయట, పాఠ్యాంశాలతో సంబంధం లేకుండా జరిగే యాత్రలకు మాత్రం బడి రుసుము తీసుకోవచ్చు.

ఇంటికి వచ్చాక

భోజనాల దగ్గర ఈ మూడు ప్రశ్నలు అడగండి. జవాబులు తెలుగులో చెబితే మంచిది. మధ్యలో ఇంగ్లిషు మాటలు దొర్లినా ఆపకండి.

1. బుద్ధుడిని చెక్కగలిగిన శిల్పులు ఖాళీ పీఠాన్ని ఎందుకు చెక్కి ఉంటారు?
2. మన ఇంట్లో కలశం ఎప్పుడెప్పుడు పెడతాం? అందులో ఏమేం వేస్తాం?
3. ఈ శిల్పాలు ఎక్కడ ఉండాలి? ఆ మాట అమరావతిలో ఉండే మీ వయసు పిల్లలకు ఎలా చెబుతారు?

పిల్లలు గీసిన తామరపూలు, రాసిన జవాబులు ఆదివారం తరగతికి పంపండి. బాగున్నవాటిని వచ్చే సంచికలో వేస్తాం. కుటుంబంగా వెళ్లడం కుదరనివాళ్లు తరగతి ఉపాధ్యాయులకు చెబితే, పిల్లలను మాతో తీసుకువెళతాం.