చుక్కల మసక ఓ పూట ముచ్చటే
కంటి సందేహాలు - సమాధానాలు

కావలి నుంచి ముత్తుకూరు దాకా, సముద్రం పక్క ఊళ్ళ నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే భయం. ‘కంటి పరీక్షకు పోతే ఏవో చుక్కలు వేసి కూర్చోబెట్టారు, ఆ తర్వాత ఏదీ సరిగా కనబడలేదు, కళ్ళకేమన్నా అయిందా?’ అని. అందుకే ఈ వారం జవాబులన్నీ ఆ చుక్కల గురించే.

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు, షుగరుంది. నెల్లూరులో కళ్ళలో చుక్కలు వేసి పరీక్ష చేశారు. ఇంటికొచ్చి రొయ్యల గుంటలో చెక్ ట్రే పైకి తీస్తే రొయ్య ఆకారం తెలుస్తోంది గానీ దాని పేగు గీత కనబడలేదు. ఫోన్లో మేత లెక్క కూడా చదవలేకపోయాను. దూరంగా తిరిగే ఏరియేటర్ మాత్రం బాగానే కనబడింది. చూపు పోతోందా డాక్టరుగారూ?
– ఓ రొయ్యల రైతు, విడవలూరు

సమాధానం: చూపు పోవడం లేదు, ధైర్యంగా ఉండండి. మీరు రాసిన ప్రతి లక్షణమూ మందు సరిగ్గా పనిచేసిందనే చెబుతోంది. డైలేటింగ్ డ్రాప్స్ అనే ఈ చుక్కలు కంటిపాపను వెడల్పు చేస్తాయి. దగ్గరి వస్తువుల మీద చూపు కుదిర్చే కంటిలోపలి కండరాన్ని కూడా కాసేపు పనిచెయ్యనివ్వవు. అందుకే ఏరియేటర్ కనబడి, చేతిలో రొయ్య మసకేసింది. పెద్దవాళ్ళకు ఎక్కువగా వేసే ట్రోపికామైడ్ బలం 4 నుంచి 6 గంటల్లో తగ్గుతుంది, కొందరికి మర్నాడు పొద్దుటిదాకా ఉంటుంది. 24 గంటలు దాటినా మసక తగ్గకపోతే పరీక్ష చేసినచోటికి ఫోన్ చేసి అడగండి.

ప్రశ్న: చుక్కలు వేయించుకున్న మధ్యాహ్నమే ఉప్పు పనికి పోయాను. ఆ తెల్లటి కుప్పల మీద ఎండ పడుతుంటే కళ్ళు తెరవలేకపోయాను, ధారగా నీళ్ళు. పక్కనామె కంట్లో ఆముదం వేసుకోమంది. వేసుకోవచ్చా?
– ఓ ఉప్పు కూలీ, ఇసకపల్లి

సమాధానం: వెయ్యొద్దమ్మా. ఆముదం, తేనె, చనుబాలు – ఏదీ ఈ మందును విరిచెయ్యదు, పైగా కంట్లో చీము పట్టే ప్రమాదముంది. ఎండలో మామూలుగా కంటిపాప 2 నుంచి 4 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. చుక్కల తర్వాత 7, 8 మిల్లీమీటర్లు తెరుచుకొని, ఎంత వెలుతురు పడినా ముడవలేక అలాగే ఉండిపోతుంది. ఉప్పు కుప్పల మెరుపు భరించలేకపోవడం అందుకే, కంటి జబ్బు వల్ల కాదు. ఆ ఒక్కరోజు పని మానుకోండి. బయటికి పోక తప్పకపోతే నల్లద్దాలు పెట్టుకొని, కొంగు నుదుటి మీదికి లాక్కోండి.

ప్రశ్న: నాకు మూడుసార్లు చుక్కలు వేసి ముప్పావు గంట కూర్చోబెట్టారు. నా తర్వాత వచ్చినాయనకు ఒక్క విడతతో అయిపోయి వెళ్ళిపోయాడు. నా కళ్ళలో ఏదన్నా లోపముందా?
– ఓ రిటైర్డ్ టీచరు, కావలి

సమాధానం: లోపమేమీ లేదు, మాస్టారూ. కంటిపాప చుట్టూ ఉండే ముదురు రంగు మందును పట్టి ఉంచుకుంటుంది. మనవాళ్ళ కళ్ళు నలుపు, ముదురు గోధుమ కాబట్టి పాప నిదానంగా తెరుచుకుంటుంది, విడతలూ ఎక్కువ పడతాయి. 20 నుంచి 40 నిమిషాలు పట్టడం రోజూ చూసేదే. చాలా ఏళ్ళుగా షుగరున్నవారికీ, వయసు పైబడినవారికీ పాప కాస్త మొండికేస్తుంది. మీకు షుగరుంటే ఆ మాట ముందే చెప్పండి.

ప్రశ్న: చుక్కలు కంట్లో వేస్తే గొంతులో చేదెక్కింది! మందు మెదడుకు పోయిందేమోనని రాత్రంతా నిద్రలేదు.
– ఓ డిగ్రీ విద్యార్థిని, ఇందుకూరుపేట

సమాధానం: మెదడుకు పోలేదమ్మా, గొంతుకే పోయింది. కంటి లోపలి మూల నుంచి ముక్కులోకి సన్నటి కాలువ ఉంటుంది. మనం ఏడిస్తే ముక్కు కారేది దానివల్లే. చుక్క మందు ఆ దారినే గొంతులోకి దిగి చేదు పుట్టిస్తుంది, కొందరికి నోరెండుతుంది. ఈసారి చుక్క వెయ్యగానే కళ్ళు మూసుకొని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కిపట్టండి, చేదు చాలా తగ్గుతుంది. వేసిన క్షణంలో మంట మామూలే. రెప్పలు ఉబ్బి దురదపెడితే అది ఎలర్జీ, డాక్టరుకు చూపించండి. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పోవాలి.

ప్రశ్న: నాకు 62 ఏళ్ళు, బీపీకి రోజూ మాత్ర వేసుకుంటాను. చుక్కలు వేశాక గుండె దడదడలాడింది, రెప్పలు తెల్లగా పాలిపోయాయని మా ఆవిడ కంగారుపడింది. మళ్ళీ ఆర్నెల్లకు రమ్మన్నారు. పోవాలా, మానెయ్యాలా?
– ఓ పాఠకుడు, ముత్తుకూరు

సమాధానం: తప్పకుండా పోండి, అయితే ఈసారి ఈ సంగతి చెప్పి పోండి. చాలాచోట్ల ట్రోపికామైడ్‌తో ఫినైలెఫ్రిన్ అనే మందును కలిపి వేస్తారు. అది రక్తనాళాలను ముడుస్తుంది కాబట్టి రెప్పలు పాలిపోతాయి, ఒక్కోసారి దడ, బీపీ కాస్త పెరగడం ఉంటాయి. బీపీ అదుపులో లేదనో, గుండెజబ్బు ఉందనో చెబితే ఫినైలెఫ్రిన్ లేని చుక్కలు వేసే వీలుంది. పరీక్ష రోజు బీపీ మాత్ర మానొద్దు. చుక్కల తర్వాత గుండెలో నొప్పి, తల పగిలిపోయే నొప్పి వస్తే మాత్రం అక్కడే ఉన్న సిబ్బందికి వెంటనే చెప్పండి.

ప్రశ్న: మా ఆయన తెల్లవారుజామున బోటు మీద వేటకు పోతాడు. ఈ బుధవారం సాయంత్రం కంటి పరీక్ష ఉంది. చుక్కలు వేశాక వేటకు పోతే ఏమన్నా అవుతుందా?
– ఓ ఇల్లాలు, జువ్వలదిన్నె

సమాధానం: కంటికేమీ కాదు తల్లీ, మనిషికే ప్రమాదం. సాయంత్రం వేసిన చుక్కల మసక తెల్లవారుజాముకు కొందరిలో మిగిలే ఉంటుంది. ఎదురుగా వచ్చే బోటు దీపం చెదిరిపోయి కనబడుతుంది, వల ముడి కంటికి ఆనదు, తాడు ఎక్కడుందో అంచనా తప్పుతుంది. ఆ ఒక్కరోజు వేట మానుకోమనండి. లేదా వేట లేని రోజుకు పరీక్ష మార్పించుకోండి. బైకు, ట్రాక్టరు నడిపేవారికీ ఇదే మాట. ఫోన్లో అక్షరాలు మళ్ళీ సాఫీగా చదవగలిగేదాకా బండి తాళాలు ఇంకొకరి చేతిలో ఉండాలి.

ప్రశ్న: చెన్నై శంకర నేత్రాలయలో చూపించుకోవాలి. తోడెవరూ లేరు. చుక్కలు వేయించుకొని ఒక్కదాన్నే రైల్లో నెల్లూరు రాగలనా? తలచుకుంటేనే భయమేస్తోంది.
– ఓ అంగన్‌వాడీ ఉద్యోగిని, తోటపల్లిగూడూరు

సమాధానం: రాగలరు, మీరు భయపడేంత చీకటేమీ కమ్మదు. మనుషులు, మెట్లు, రైలు అన్నీ కనబడతాయి. టికెట్టు మీద అక్షరాలు, ఫోను మాత్రం ఇబ్బంది పెడతాయి. అందుకని బోగీ నంబరు, సీటు నంబరు ముందే పెద్దక్షరాలతో కాగితం మీద రాసిపెట్టుకోండి, ఇంటివాళ్ళ నంబరు స్పీడ్ డయల్‌లో పెట్టుకోండి. 1978లో మొదలైన ఆ ఆసుపత్రికి మన జిల్లా నుంచి వెళ్ళేవారికి కొదవ లేదు, మీ ఊరివాళ్ళెవరన్నా అదేరోజు వెళుతున్నారేమో కనుక్కోండి. 70 దాటినవారూ, ఒక కన్నే పనిచేసేవారూ మాత్రం తోడు లేకుండా పోకూడదు.

ప్రశ్న: నా మనవడికి నాలుగేళ్ళు, మెల్లకన్ను. మూడురోజులు కంట్లో పెట్టమని ఆయింట్‌మెంటు ఇచ్చారు. రెండోరోజుకు బిడ్డ మొహం ఎర్రబడింది, ఒళ్ళు వెచ్చబడింది. బొమ్మల పుస్తకం విసిరికొడుతున్నాడు. నేనేమన్నా ఎక్కువ పెట్టానా?
– ఓ అవ్వ, కోడూరు

సమాధానం: మీ తప్పనుకోకండమ్మా, అది అట్రోపిన్ మందు తీరు. చిన్నపిల్లల కంటి కండరం చాలా బలమైనది, దాన్ని పూర్తిగా నిద్రపుచ్చితేగానీ అద్దాల పవరు కచ్చితంగా తేలదు. మొహం కాస్త ఎర్రబడటం, నోరెండటం ఉంటాయి. దగ్గరి చూపు వారం, ఒక్కోసారి రెండు వారాల దాకా మసకగా ఉంటుంది, పుస్తకం విసిరింది అందుకే. అయితే ఒళ్ళు వెచ్చబడిందంటున్నారు కాబట్టి తర్వాతి మోతాదు పెట్టకుండా డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. జ్వరం పెరిగినా, బిడ్డ తికమకగా మాట్లాడినా, గుండె వేగంగా కొట్టుకున్నా, ఉచ్చ పోయకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. ట్యూబు పిల్లలకందని చోట దాచి, పెట్టిన ప్రతిసారీ చేతులు కడుక్కోండి. అది నోట్లోకి పోతే విషమే.

ప్రశ్న: మా పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది, కిలోన్నర బరువు. ఇరవై రోజులకే కంట్లో చుక్కలు వేసి పరీక్ష చేయాలంటున్నారు. అంత పసిగుడ్డు తట్టుకుంటుందా?
– ఓ తల్లి, అల్లూరు

సమాధానం: మీ గుండె ఎందుకు కొట్టుకుంటోందో తెలుసమ్మా, కానీ ఈ పరీక్ష వద్దనకండి. 34 వారాలలోపు పుట్టినవారికీ, 2 కిలోలకంటే తక్కువ బరువున్నవారికీ లోపలి తెర రక్తనాళాలు పూర్తిగా అల్లుకొని ఉండవు. అవి దారితప్పి పెరిగితే చూపే పోవచ్చు. అందుకే పుట్టిన 30 రోజులలోపు మొదటి పరీక్ష అయిపోవాలి. పసివాళ్ళకు బలం తగ్గించిన చుక్కలే వేస్తారు, కారినదాన్ని తుడిచేస్తారు. ఏడుపు, రెప్పల వాపు కాసేపట్లో సర్దుకుంటాయి. పాలు తాగకపోయినా, పొట్ట ఉబ్బినా, ఊపిరి ఆగి ఆగి తీసినా డాక్టరును పిలవండి.

ప్రశ్న: కయ్య గట్టు మీద ఉమ్మెత్త మొక్కలు పీకి, అదే చేత్తో కన్ను నలుపుకున్నాను. నొప్పి లేదు గానీ ఒక కంటిపాప పెద్దదై, వెలుతురుకు తట్టుకోలేకపోతున్నాను. చుక్కలు వెయ్యకుండానే ఇట్లా అవుతుందా?
– ఓ రైతు, కొడవలూరు

సమాధానం: అవుతుంది, మీకు తెలియకుండానే చుక్కలు వేసుకున్నారు! మేము పిల్లలకు వాడే అట్రోపిన్ ఉమ్మెత్త రసంలోనూ ఉంది. ఇటలీలో ఒకప్పుడు ఆడవాళ్ళు కళ్ళు పెద్దవిగా కనబడాలని అలాంటి మొక్క రసమే వేసుకునేవారట. ఆ మొక్కకు బెల్లడోనా, అంటే అందగత్తె, అని పేరొచ్చింది. కంటినీ చేతులనూ మంచినీళ్ళతో బాగా కడుక్కోండి. పాప కొద్దిరోజుల్లో మామూలవుతుంది, అయినా ఓసారి కంటి డాక్టరుకు చూపించండి. కానీ ఏ మొక్కా తగలకుండా ఒక పాప పెద్దదై, రెప్ప వాలినా, ఒకటి రెండుగా కనబడినా, భరించలేని తలనొప్పి వచ్చినా అది మెదడు రక్తనాళపు హెచ్చరిక కావచ్చు. ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పోవాలి.

ప్రశ్న: మా మేనత్తకు చుక్కలు వేసిన రోజు రాత్రే కన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పి, వాంతులు. పైత్యమనుకొని తెల్లారిందాకా ఆగాం. కంటి పోటు పెరిగిందన్నారు. నాకూ అట్లా అవుతుందేమోనని పరీక్షకు పోవడమే మానేశాను.
– ఓ పాఠకురాలు, బిట్రగుంట

సమాధానం: మీ భయానికి కారణముంది, కానీ అది చాలా అరుదు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్‌లో 6,760 మందికి చుక్కలు వేసి చూస్తే ఇలా అయింది ఇద్దరికే. కంట్లో నీరు బయటికి పోయే మూల పుట్టుకతోనే ఇరుకుగా ఉన్నవారికి, పాప తెరుచుకున్నప్పుడు ఆ దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతుంది. అదే నీటికాసుల జబ్బు ఒక్కసారిగా ముంచుకురావడం. ఇది కుటుంబాల్లో వస్తుంది గనుక మీ మేనత్త సంగతి డాక్టరుకు చెబితే ముందు ఆ మూలను చూసి, ఇరుకుంటే లేజర్‌తో చిన్న దారి చేస్తారు. గుర్తుపెట్టుకోండి: చుక్కల మసకకు నొప్పి ఉండదు. నొప్పి, ఎరుపు, దీపాల చుట్టూ రంగుల వలయాలు, వాంతి – ఇవి కలిసి వస్తే తెల్లవారేదాకా ఆగొద్దు.

ప్రశ్న: షుగరుందని ఏటా చుక్కలు వేస్తున్నారు. ఇన్నిసార్లు వేస్తే కన్ను పాడవదా? నాకు చూపు బాగానే ఉంది, ఈ ఏడు మానుకుంటే?
– ఓ కిరాణా వ్యాపారి, నెల్లూరు

సమాధానం: ఏడాదికోసారి కాదు, నెలకోసారి వేసినా ఈ చుక్కలతో కన్ను పాడవదు. చూడకుండా వదిలేసిన షుగరుతోనే పాడవుతుంది. లోపలి తెర దెబ్బతినేటప్పుడు నొప్పీ ఉండదు, మొదట్లో చూపూ తగ్గదు. మీకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. పాప తెరవకుండా చూడటమంటే తలుపు సందులోంచి ఇల్లంతా చూడాలనుకోవడమే, గది మూలలు కనబడవు. మానొద్దు.

చివరిగా అందరికీ ఒక మాట. చుక్కలు వేసేటప్పుడు మందు పేరు, వేసిన టైము చీటీ మీద రాయించుకోండి. ట్రోపికామైడ్ అయితే ఓ పూట, సైక్లోపెంటొలేట్ అయితే దాదాపు ఓ రోజు, హోమాట్రోపిన్ అయితే ఒకటి నుంచి మూడు రోజులు, అట్రోపిన్ అయితే వారం పైన. ఆ చీటీ జేబులో ఉంటే, రాత్రి కళ్ళు మసకేసినప్పుడు అది మామూలో కాదో మీకే తెలుస్తుంది.