హొగెనకల్ జలపాతమునకు ఒకనాటి యాత్ర: తల్లిదండ్రులతో కలిసి చేసికొను ఏర్పాటు

అర్ధసంవత్సర పరీక్షలు ముగియగనే మన బాలబాలికలు మమ్ము అడుగు మొదటి ప్రశ్న మార్కులను గూర్చి కాదు. “సార్, ఈ యేడు ఎక్కడికి?” అనునదే ఆ ప్రశ్న. హోసూరు ప్రాంతపు పిల్లలలో పెక్కుమంది పేరు విని యుండియు కన్నులార చూడని చోటు హొగెనకల్. ఈ వ్యాసమున ఆ జలపాతమునకు ఒకనాటి యాత్ర ఎట్లు ఏర్పాటు చేసికొనవలెనో తల్లిదండ్రులకు విన్నవింప దలచినాము. యాత్ర పాఠశాల నడపునదే యైనను, దాని భారము సగము ఇంటిది, సగము బడిది.

మా పొరపాటు

మొదట ఒక సంగతి దాపరికము లేక చెప్పవలసి యున్నది. పూర్వము మేము వేరొక పాఠశాలలో సహాయోపాధ్యాయులముగా ఉన్నప్పుడు పిల్లలను ఒక నదీతీరమునకు తీసికొని పోయితిమి. మధ్యాహ్న భోజనమైన పిదప పిల్లలు గుంపులు గుంపులుగ చెదరిరి. ఏడవ తరగతి బాలుడొకడు నీటిలో పడిన చెప్పును తీసికొనుటకు హెచ్చరిక పలకను దాటి పోయి, పాచి పట్టిన రాతిపై కాలు జారి పడెను. సమీపమున వల వేయుచున్న జాలరి తన గడను చాచి వానిని ఒడ్డునకు లాగెను. ఆ జాలరి అచట లేకున్నచో ఏమి జరిగి యుండునో తలచుకొనుటకే నేటికిని భయమగును.

“పలక చదువలేదా?” అని మేము వానిని కోపముతో అడిగితిమి. వాడు వణకుచు, “చదివినాను సార్. ‘ఆళం’ అని ఉండింది. అంటే లోతని నాకు తెలీదు” అనెను. ఆ పలక తమిళమున నున్నది. వానికి అక్షరములు వచ్చును, మాట రాదు. అక్షరములు నేర్పి మాట నేర్పనివారము మేమే గదా!

మరునాడు ఆ బాలుని తల్లి పాఠశాలకు వచ్చెను. ఆమె మమ్ము నిందింపలేదు. “సార్, పిల్లల లెక్క ఎవరు చూస్తా ఉండిరి?” అని ఒక్కమాట మాత్రము అడిగెను. ఆ దినమున అయిదుగురు ఉపాధ్యాయులము ఉంటిమి. అందరమును చూచుచుంటిమనుకొంటిమి. కనుక ఎవ్వరమును చూడలేదు. ఆమెకు మేము బదులు చెప్పలేక పోయితిమి.

తరువాత తొమ్మిదేండ్లు మేము ఏ నీటి యొద్దకును పిల్లలను తీసికొని పోలేదు. అదియే జాగ్రత్త అనుకొంటిమి. కాని మేము తీసికొని పోనంత మాత్రమున పిల్లలు పోవుట మానలేదు. సెలవు దినములలో స్నేహితులతో, పెద్దలు లేకుండ, చెరువులకును నదులకును పోవుచునే యుండిరి. నీటిని చూపి, దానితో ఎట్లు మెలగవలెనో నేర్పుట కంటె, నీటిని దాచి పెట్టుటయే ఎక్కువ ప్రమాదకరమని మాకు ఆలస్యముగ తెలిసినది. ఆ తల్లి ప్రశ్నకు బదులుగ ఈ ఏర్పాటును వ్రాయుచున్నాము.

చూడబోవు చోటు

కావేరి కొడగు సీమలోని తలకావేరి యొద్ద పుట్టి, సుమారు 800 కి.మీ. ప్రవహించి బంగాళాఖాతమున కలియును. మేకెదాటు అను ఇరుకైన రాతి కనుమను దాటి, అడవుల నడుమ సాగి, కర్ణాటక, తమిళనాడుల సరిహద్దున హొగెనకల్ యొద్ద పెక్కు పాయలుగ చీలి రాతి పగుళ్లలోనికి దుముకును. జలపాతముల ఎత్తు సుమారు 20 మీటర్లు. మన అంచెట్టి మీదుగ వచ్చు చిన్నారు ఇచటనే కావేరిలో కలియును. ఇచటి నుండి నది మేట్టూరు జలాశయమును చేరును. ఆ ఆనకట్ట 1934లో పూర్తియైనది.

పేరునందే ఒక పాఠము కలదు. కన్నడమున ‘హొగె’ యనగా పొగ, ‘కల్లు’ అనగా రాయి. నీటి తుంపర రాళ్లపై పొగవలె లేచుటచే ఈ పేరు వచ్చినది. తెలుగున పొగ, తమిళమున పుగై, కన్నడమున హొగె. పాత కన్నడపు పకారము పిదప హకారమైనది. మన పులి వారికి హులి, మన పాలు వారికి హాలు. ‘కల్లు’ మనకును పరాయిది కాదు. ఓరుగల్లులో నున్నది ఆ రాయియే. మన హోసూరు కూడ ‘హొస ఊరు’, అనగా క్రొత్త ఊరు. మూడు భాషలు కలియు చోట పుట్టిన మన పిల్లలకు ఇట్టి పాఠము ఇంటిముందరి పాఠము.

మరియొక సంగతి. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో పెక్కుచోట్ల భూగర్భజలమున ఫ్లోరైడు అధికము. లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు గల నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లపై మచ్చలు పడును, ఎముకలు పట్టుకొని పోవును. ఈ బాధను తగ్గించుటకే హొగెనకల్ యొద్ద కావేరి నీటిని శుద్ధి చేసి రెండు జిల్లాలకును పంపు పథకము 2013లో ప్రారంభమైనది. మన ఊళ్లలో పెక్కు ఇండ్ల బిందెలలోని నీరు ఆ జలపాతపు నీరే. తాను త్రాగు నీరు ఎచటినుండి వచ్చుచున్నదో చూచిన బాలుడు కొళాయిని ఊరక వదలి పోడు.

ఏ కాలమున పోవలెను

ఇది తల్లిదండ్రులు తప్పక గ్రహింపవలసిన విషయము. జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనములచే కొడగు, వయనాడు కొండలలో కుండపోతగ వానలు కురియును. కృష్ణరాజసాగరము, కబిని జలాశయములు నిండినప్పుడు నీరు విడుతురు. ఆ నీరు హొగెనకల్ చేరును. కావున ఇచట ఎండ కాయుచు, ఆకాశము నిర్మలముగ నున్నను, నది పెరుగవచ్చును. “వాన లేదు గదా” యను మాట ఈ నది యొద్ద పనికిరాదు. బిలిగుండ్లు అను చోట కేంద్ర జలసంఘము వారు నీటి రాకను కొలుచుచుందురు. నీరు అధికమైనప్పుడు జిల్లా అధికారులు స్నానములను, పడవలను నిషేధింతురు.

మండు వేసవిలో నీరు సన్నగిల్లును, రాళ్లు కాలును. ఈ రెండును గాక, సంక్రాంతి పండుగ పిదప జనవరి మాసమున ఒక దినము మాకు తగినదిగ తోచినది. ప్రయాణమునకు ముందునాటి సాయంకాలము అధికారులతో ఫోనులో మాట్లాడి నీటి సంగతి తెలిసికొందుము. నిషేధమున్నచో ప్రయాణము ఆగును. పిల్లలు ఎంత ఏడ్చినను, బండికి బయానా ఇచ్చియున్నను, ఆగును.

దారి, వేళ

హోసూరు నుండి రెండు దారులు కలవు. డెంకణికోట, అంచెట్టి మీదుగ పోవునది దగ్గర దారి. కాని అది ఏనుగులు తిరుగు అడవి. ఆ అడవులలో పెక్కుభాగము 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యముగ ప్రకటింపబడినది. కృష్ణగిరి, ధర్మపురి, పెన్నాగరము మీదుగ పోవునది దూరపు దారి, సుమారు 140 కి.మీ. ఉండును. పిల్లలతో పోవునప్పుడు దూరమైనను పెద్ద దారియే మేలు.

ఉదయము 5-30 గంటలకు బయలుదేరి, దారిలో ఫలహారము చేసి, 9-30 ప్రాంతమున చేరవలెను. మధ్యాహ్నము 2-30కు తిరుగు ప్రయాణము. పెన్నాగరము దాటిన పిదప హొగెనకల్‌కు దిగు ఘాటు మార్గమున మలుపులు అధికము. వచ్చునప్పుడు ఆ కొండను పగటి వెలుగులోనే ఎక్కవలెను. ఉదయపు ఆలస్యమునకు శిక్ష సాయంకాలము పడును. కావున బడికి చేరవలసిన వేళకు పది నిమిషములు మించి ఎవరికొరకును బండి ఆగదు.

లెక్క

నలుబదిమంది పిల్లలకు అయిదుగురు ఉపాధ్యాయులు. ఒక్కొక్కరికి ఎనమండుగురు. ఆ ఎనమండుగురు నాలుగు జంటలు. జంటలో ఒకరు కనబడనిచో రెండవవారు వెంటనే చెప్పవలెను. అది చాడీ కాదు, కర్తవ్యము. బండి దిగినప్పుడు, నడక మొదలిడినప్పుడు, పడవ ఎక్కునప్పుడు, దిగినప్పుడు, భోజనమునకు ముందు, పిదప, తిరిగి బండి ఎక్కునప్పుడు, ఇట్లు ఏడు మారులు లెక్క జరుగును. లెక్కను పుస్తకమున వేళతో సహా వ్రాసి ఉపాధ్యాయుడు సంతకము చేయవలెను. పుస్తకము మరునాడు ఏ తల్లియైనను, తండ్రియైనను చూడవచ్చును. “లెక్క ఎవరు చూచిరి?” అని అడిగినచో ఈసారి చూపుటకు పేరు ఉండును.

నీటి యొద్ద

ఈ యాత్రలో పిల్లలు నదిలో ఈదరు. స్నానము అధికారులు అనుమతించిన చోటనే, కమ్ముల లోపలనే, ఎనమండుగురు చొప్పున. అచట తైలమర్దనము చేయువారు కలరు. వారి విద్య పాతది, మెచ్చదగినది. కాని ఆ చుట్టుపట్ల రాళ్లపై నూనె జిడ్డు ఉండును గనుక నడక మెల్లగ నుండవలెను. కావేరిలో మొసళ్లును కలవు. జనము లేని రేవు మంచి రేవు కాదు.

పడవ గుండ్రనిది. తమిళులు పరిసల్ అందురు, కృష్ణాతీరపు మనవారు పుట్టి యందురు. వెదురు బద్దలతో అల్లి, పూర్వము తోలు కప్పెడివారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూయుదురు. అడుగు సమతలమగుటచే లోతు లేని నీటిలోను తేలును, రాళ్ల నడుమ తిరుగును. కాని అందరు ఒక ప్రక్కకు ఒరిగినచో అదియు ఒరుగును. ప్రాణరక్షక కవచము కట్టుకొనక ఏ బాలుడును ఎక్కరాదు. కవచములు చాలనిచో పడవ లేదు.

యాత్రకు వారము ముందు తరగతిలో అయిదు తమిళ పదములు నేర్పుదుము. ఎచ్చరిక్కై – హెచ్చరిక. ఆబత్తు – ఆపద. ఆళం – లోతు. వళుక్కుం – జారును. కుళిక్కాదీర్గళ్ – స్నానము చేయకుడు. మన భాషను కాపాడుకొనుట యనగా ప్రక్కవారి భాషను ఎరుగకుండుట కాదు. పరీక్షల సంగతి, చట్టముల సంగతి అటుంచుడు. పలకపై నున్న మాట తెలియుట ప్రాణమునకు సంబంధించినది.

ఎవరైనను నీటిలో పడినచో మరియొక బాలుడు దుమకరాదు. కేక వేయవలెను. కర్ర, తువాలు, త్రాడు అందీయవలెను. బయటికి తీసిన వానిని తలక్రిందుగ పట్టుట, కడుపు నొక్కుట తప్పు. ఊపిరి లేనిచో వెల్లకిల పరుండబెట్టి, నోటితో ఊపిరి ఊది, రొమ్ము నడుమ వేగముగ నొక్కుచు, ముప్పది నొక్కులకు రెండు ఊపిరుల చొప్పున సాగింపవలెను. అదే సమయమున వేరొకరు 108కు ఫోను చేయవలెను. మా ఉపాధ్యాయులు దీనిని ముందుగ అభ్యసింతురు. తల్లిదండ్రులును వచ్చి నేర్చుకొనవచ్చును.

అన్నము, సంచి

చింతపండు పులిహోర మధ్యాహ్నము వరకు చెడదు. పెరుగన్నము పంపువారు అన్నము చల్లార్చి, పాలు పోసి, కొంచెము పెరుగు కలిపినచో తినువేళకు పులియక తోడుకొని యుండును. అచట కోతులు అధికము. సంచి చేతబట్టుకొని తినుచు నడువరాదు. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులను తమిళనాడున 2019 జనవరి 1 నుండి నిషేధించిరి. విస్తరాకు, స్టీలు డబ్బా, నీళ్ల సీసా చాలును. సంచిలో మారు బట్టలు, తువాలు, వాడుచున్న మందులు ఉండవలెను. కాలికి పట్టు గల చెప్పులు వలయును. నగలు వలదు.

తల్లిదండ్రులకు మనవి

పిల్లవానికి మూర్ఛ, ఉబ్బసము, గుండెజబ్బు వంటివి ఉన్నచో దాచకుడు. దాచినచో మాకు తెలియదు, తెలియనిచో కాపాడలేము. ఆడపిల్లలను “ఎందుకులే” యని ఇంట నుంచుకొనకుడు. ఇద్దరు ఉపాధ్యాయినులు వెంట నుందురు. నీటి జాగ్రత్త మగపిల్లలకెంత అవసరమో వారికిని అంత అవసరము. రుసుము ఇచ్చుకొనలేని వారు మాతో ఒంటరిగ చెప్పిన చాలును. ఆ పేరు మరియొకరికి తెలియదు. నలుబదిమందిలో రుసుము ఇచ్చినవారెవరో, ఇవ్వనివారెవరో పిల్లలకు తెలియరాదు.

తిరిగి వచ్చిన పిదప

మరునాటి రాత్రి భోజనమువేళ మీ పిల్లలను ఈ ప్రశ్నలు అడుగుడు.

1. వాన లేని దినమున నది ఎట్లు పెరుగును?
2. పుట్టి గుండ్రముగ ఏల నుండును?
3. మన ఇంటి నీరు ఎచటినుండి వచ్చుచున్నది?
4. ‘ఆళం’ అనగా నేమి?
5. నీ జంట ఎవరు? నీవు వానిని ఎన్నిమారులు చూచుకొంటివి?

అయిదవ ప్రశ్నకు బదులు తడుముకొనక చెప్పినచో మీ బిడ్డ యాత్రఫలమును పొందినాడని తెలియుడు. మేము చెప్పవలసిన బదులు మాత్రము పుస్తకమున సంతకముతో సహా ఉండును. వచ్చి చూడుడు.