కొట్టివేతలు లేని నోట్సు

ఆరో తరగతిలోనే పిల్లాణ్ని ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్‌కి ఎంపిక చేశారంటే ఏ తల్లిదండ్రులకైనా సంతోషమే. ఫీజు ఎక్కువైనా, చీకటి పడేదాకా బళ్లోనే ఉంచేసినా, చురుకైనవాడు కాబట్టి వాడికి తగ్గ చదువు దొరుకుతోందని సర్దుకుంటాం. మామూలు సెక్షన్‌లో వచ్చిన పాఠమే మళ్లీ వింటూ విసిగిపోయే పిల్లలకు ఇంకేదో కావాలన్న మాటా నిజమే. ఆ ఇంకేదో వాడి బుర్రకు పని పెడుతోందా లేదా అన్నది మాత్రం సెక్షన్ పేరు చూస్తే తెలియదు.

ఒక ఆదివారం వాడి ఫౌండేషన్ నోట్సు తీసి చూడండి. ప్రతి పేజీలో ఒక ఫార్ములా, కింద రెండు నమూనా లెక్కలు, ఆ కింద అచ్చు అదే తీరులో ఇరవై బిట్లు, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు అంటే, అక్కడ జరుగుతున్నది పదో తరగతి సిలబస్‌ని ఏడో తరగతిలో చెప్పడం. వర్గ సమీకరణం సూత్రంలో విలువలు వేసి జవాబు లాగడం తెలివైన పిల్లలకు పది నిమిషాల్లో అలవాటైపోతుంది. ఆ సూత్రం ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగి చూడండి. "సార్ చెప్పారు" అన్నదే జవాబైతే, వాడు వేగంగా వెళ్తున్నాడు, అంతే. ఇందులో సార్‌ని తప్పుపట్టలేం. వారం వారం టెస్టు, దానికి ముందే పూర్తిచేయాల్సిన చాప్టర్లు ఆయన నెత్తిమీద ఉంటాయి.

ఇంకో రకం లెక్క చూడండి. కూడిక వస్తే చాలు. 9ని వరుస సహజ సంఖ్యల మొత్తంగా 4+5 అని రాయొచ్చు, 2+3+4 అనీ రాయొచ్చు. 15కి మూడు దారులున్నాయి: 7+8, 4+5+6, 1+2+3+4+5. ఇలా ఏ దారీ లేని సంఖ్యలేవి? ఆరో తరగతి అమ్మాయికి కాగితం ఇచ్చి వదిలేయండి. 3 వచ్చింది, 5 వచ్చింది. 4తో తంటాలు పడి కొట్టేసింది. 6 కుదిరింది, 8 కుదరలేదు. 10 అంటే 1+2+3+4, 12 అంటే 3+4+5, 14 అంటే 2+3+4+5. 16 దగ్గర మళ్లీ ఆగిపోయింది. అప్పుడు పక్కన 2, 4, 8, 16 అని రాసుకుని, "32 కూడా రాదేమో" అని తనంతట తనే అంటుంది. అసలు పని అక్కడ మొదలవుతుంది. ఎందుకు రాదు? ఎంత పెద్ద సంఖ్యదాకా వెళ్లినా రాదని ఎలా చెప్పగలవు? దానికి ఒక పూట పట్టొచ్చు, వారం పట్టొచ్చు. బేసి కారణాంకాల్లో ఏదో మర్మం ఉందని సొంతంగా పసిగట్టిన పిల్లకు, మూడేళ్ల సిలబస్ ముందే చదివినదానికన్నా ఎక్కువ గణితం అబ్బినట్టని నేను నమ్ముతాను.

ఒలింపియాడ్ అన్న మాట దగ్గరా జాగ్రత్తగా ఉండాలి. ఫీజు కట్టించుకుని, గంటసేపు బిట్ల పేపరు పెట్టి పతకాలు పంచే ప్రైవేటు పోటీలకూ అదే పేరు పెడుతున్నారు. ముంబయిలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రంతో ముడిపడిన అసలు గణిత ఒలింపియాడ్ వరుస వేరు: ఐఓక్యూఎం, ఆర్‌ఎంఓ, ఐఎన్‌ఎంఓ అనే పరీక్షలు, ఆపైన ఆరుగురితో అంతర్జాతీయ పోటీకి వెళ్లే జట్టు. 1959లో రొమేనియాలో మొదలైన ఆ పోటీకి మన దేశం 1989 నుంచి పిల్లల్ని పంపుతోంది. అక్కడ రోజుకు నాలుగున్నర గంటలు ఇస్తారు, లెక్కలు మూడే. అలా రెండు రోజులు. నిమిషానికో బిట్టు చొప్పున అలవాటుపడిన పిల్లలు ఒకే లెక్క ముందు గంటన్నర కూర్చోవడం ఎప్పుడు నేర్చుకుంటారు?

ఎన్నడూ తడబడని పిల్లల గురించే నాకు ఎక్కువ దిగులు. ఇంటర్లో మొదటిసారి ఒక లెక్క లొంగకపోతే, తమకు తెలివి లేదని వాళ్లు నిశ్చయించేసుకుంటారు. లెక్క రాక కాసేపు ఊరికే కూర్చోవడం కూడా చదువులో భాగమేనని పన్నెండేళ్లకే తెలిస్తే ఆ దెబ్బ అంత గట్టిగా తగలదు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో ర్యాంకు సంగతి పక్కనపెట్టి, ఈ నెలలో క్లాసు మొత్తంలో ఎవరికీ రాని లెక్క ఏదైనా ఇచ్చారా, దాన్ని ఎన్నాళ్లు అలా వదిలేశారు అని అడగండి. కళ్లు మెరిసి చెప్పే సార్లు ఉన్నారు. అలాంటివారు దొరికితే ఫీజు గురించి ఆలోచించకండి. దొరక్కపోతే సెక్షన్ మార్పించడానికి సంకోచించొద్దు. పదహారేళ్లలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోకూడదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. బడి టైమ్‌టేబుల్లోనే కలిసిపోయిన ఫౌండేషన్ క్లాసు విషయం మాత్రం మనమే చూసుకోవాలి. మిగిలిన సాయంత్రాల్లో చెకుముకి లాంటి సైన్స్ పత్రిక, నెట్లో ఉచితంగా దొరికే పాత ఐఓక్యూఎం పేపర్లు, తోడుకు ఇంకో ఇద్దరు పిల్లలుంటే చాలు. వాళ్లు ఎక్కడైనా ఆగిపోతే వెంటనే యూట్యూబ్ తెరవకండి. పైన చెప్పిన లెక్క తేలిపోయిందంటారా, ఇచ్చిన సంఖ్యను ఎన్ని దారుల్లో రాయొచ్చో ముందే చెప్పగలవా అని అడగండి.