శివారు బోదెలో తడి

ప్రియమైన మనవడికి,

నీ ఉత్తరం అందింది. పాలకొల్లు దగ్గర ఆ చిన్న సంఘానికి సేవకు వెళ్లి మూడు నెలలైందనీ, అక్కడ దేవుడు పనిచేస్తున్న గుర్తు ఒక్కటీ కనబడటం లేదనీ రాశావు. ఆ మాట చదివి నాయనమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ధైర్యం కలిగింది. గుర్తు కోసం ఇంత ఆరాటపడుతున్నావంటే నువ్వు బతుకుతెరువు కోసం అక్కడికి వెళ్లలేదన్నమాట.

ఎక్కడ వెతికావు నాన్నా? ఆదివారం ఉదయం, వాక్యం చెప్పే చోట నిలబడి చూసి ఉంటావు. ఎంతమంది వచ్చారు, కానుక ఎంత పడింది, ప్రార్థనలో ఎవరు ఏడ్చారు. సంఘపెద్దనైన కొత్తలో చాలా ఏళ్లు నేనూ అక్కడే చూశాను. మందిరానికి స్లాబు పడిన ఏడాది, సౌండు బాక్సులు కొన్న ఏడాది దేవుడు మా మధ్య బలంగా పనిచేస్తున్నాడని కనబడినవాళ్లందరికీ చెప్పాను. ఆ రోజుల్లోనే ఇద్దరు అన్నదమ్ములు పొలం గట్టు తగాదాతో మాటలు మానేసి, అదే మందిరంలో చెరో మూల కూర్చుని పాటలు పాడేవారు. పెద్దనై ఉండి నేనది పట్టించుకోలేదు. ఆ బాధ నన్నింకా వదల్లేదు.

ఆ తగాదా తీరిన పూట నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. రొట్టె విరిచే సమయం. పళ్లెం చేతులు మారుతూ అన్న దగ్గరికొచ్చింది. ఆయన ముక్క తీసుకోలేదు. పళ్లెం పక్కాయన చేతికిచ్చి లేచాడు. బయటికి వెళ్లిపోతున్నాడనుకున్నాను. చాపల మధ్య నుంచి నడిచి వెళ్లి తమ్ముడి పక్కన కూలబడ్డాడు. ఏమన్నాడో ఎవరికీ వినబడలేదు. తమ్ముడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి అన్న చెయ్యి చాచి పళ్లెం ఇటివ్వమన్నాడు. ఆ తర్వాతి వారం, సర్వేయరూ రాలేదు, పెద్దమనుషులూ కూర్చోలేదు, గట్టు జానెడు వెనక్కి జరిగింది. పార పట్టి జరిపింది అన్నే. ఆరోజు మందిరంలో ఇరవైమందికి మించి లేము. కానుక ఎంత పడిందో నాకు గుర్తే లేదు.

మీ నాన్న చిన్నతనంలో మనం శివారులో ఎకరం కౌలుకు చేసేవాళ్లం. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, జూన్‌లో ధవళేశ్వరం దగ్గర మళ్లీ వదిలేదాకా పంట బోదె నోళ్లు తెరుచుకుని ఉండేది. అక్కడ కాలువ తలుపులు ఎత్తడం శివారు రైతుకు కనబడదు. ఒక పొద్దున బోదె అడుగున నెర్రెలు నల్లబడతాయి. మట్టి వాసన మారుతుంది. ఎక్కడి నుంచో రెండు కొంగలు వచ్చి వాలతాయి. అవి చూడగానే మా నాన్న ఇంటికొచ్చి విత్తనాల బస్తా దించమనేవాడు. నీళ్లు పారడం ఆయన ఇంకా చూడనేలేదు.

నువ్వున్న నేల సంగతి కూడా గుర్తు చేస్తాను. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జి బీర్ భార్యలతో సహా ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి బయల్దేరి మన దేశం వచ్చారు. తెలుగు నేర్చుకుని నరసాపురం, పాలకొల్లు చేరారు. ఏళ్ల తరబడి సంతల్లో, వీధుల్లో చెప్పినా ఫలం చాలా కొద్ది. 1847లో కాటన్ దొర ఆనకట్ట పని మొదలుపెట్టాడు, 1852కి అది పూర్తయింది. ధవళేశ్వరంలో ఆ కూలీల మధ్య బౌడెన్ వాక్యం చెప్పాడు. రాళ్లు మోసిన పేదవాళ్లు విన్నమాట మోసుకుని తమ పేటలకు తిరిగొచ్చారు. నువ్వు మొదటి మూడు నెలలకే లెక్క అడుగుతున్నావు.

ఇక 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను. అప్పటికి నువ్వు పుట్టలేదు. మన కోనసీమలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా ఒరిగిపోయాయి, పూరిళ్లు కూలిపోయాయి. స్లాబు వేసినందుకు నేను మనసారా స్తోత్రం చెప్పింది ఆ రాత్రే, ఎందుకంటే రెండు పేటల వాళ్లూ, గుడికి వెళ్లే ఇళ్లవాళ్లూ అందరూ ఆ కప్పు కిందికే చేరారు. తెల్లారాక పొయ్యి వెలిగించడానికి ఏముంది? పిడికెడు బియ్యం డ్రమ్ము ఉంది. వండుకునే ప్రతి పూటా ఆడవాళ్లు ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టిన బియ్యం. కొన్నిళ్లలో ఆ పిడికెడు తీస్తే మిగిలేది ఎంతో నాకు తెలుసు. సన్నం, దొడ్డు, రేషను బియ్యం అన్నీ కలిసిపోయి రంగురంగుల అన్నం అయింది. అందరికీ అదే దాక.

అంతవరకూ మా రెండు పేటల వాళ్లు ఒకే ప్రభువును కొలిచినా విందుల్లో పంక్తులు వేరు. ఆ డిసెంబరులో క్రిస్మస్ భోజనాలకు ఎవరో మళ్లీ వేరు పంక్తి వేయబోయారు. మా పేట పెద్దమ్మ ఒకావిడ, విస్తరి ముందు కూర్చున్నది లేచి నిలబడింది. "తుపాను నాడు నా మనవడికి ఆ పేట పిల్లే ముద్దలు కలిపి పెట్టింది. ఇయ్యాళ వేరు పెడితే నాకు ఈ కూడొద్దు" అంది. చాపలు కలిపేశాం. నా జీవితంలో చూసిన అన్ని స్వస్థత కూటాలకంటే నేను దాన్నే దేవుని పని అని గట్టిగా చెప్పగలను.

స్వస్థతలు లేవని నేననను. రోగి మంచం పక్కన మోకరించి ప్రార్థించు, మందులు మాత్రం మానమనకు. కానీ నీ సంఘంలో తాగుడు మానిన మనిషి ఉన్నాడా? ఆ సంగతి అతని సాక్ష్యంలో కాదు, అతని భార్యను నాయనమ్మలాంటి ఒకావిడ వంటింట్లో కూర్చుని అడిగినప్పుడు తెలుస్తుంది. అప్పు తీర్చిన మనిషి గురించి కొట్టువాణ్ణి అడుగు. అలాగని పరీక్షాధికారిలా ఇల్లిల్లూ తిరగకు, వాళ్లకు అర్థమైపోతుంది. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం మళ్లీ చదువు. యెరూషలేము సంఘం బర్నబాను అంతియొకయకు పంపింది. అక్కడంతా కొత్త మనుషులు, వేరే జాతివాళ్లు, తప్పులు ఎంచాలంటే బోలెడు. ఆయన కంటికి ముందు దేవుని కృప కనబడింది, సంతోషించాడు. ఆ తర్వాతే వాళ్లకు బోధించాడు. నీ ఉత్తరంలో సంఘం తప్పులు పదకొండు రాశావు నాన్నా, నేను లెక్కపెట్టాను. ఆ తప్పులు నిజమే కావచ్చు. కృతజ్ఞత చెప్పదగ్గ మనిషి ఒక్కరూ ఆ నాలుగు పేజీల్లో లేరు.

కాబట్టి ఈ నెల ప్రసంగాల గురించి దిగులు తగ్గించుకుని, మంగళవారం, బుధవారం అలా పేటలోకి వెళ్లు. నాట్ల నుంచి ఆడవాళ్లు తిరిగొచ్చే వేళకు అరుగు మీద కూర్చో. ఎవరింట్లో పిడికెడు బియ్యం డబ్బా ఉందో, ఎక్కడ పెడతారో చూడు.

కోత పండుగకు నేనూ నాయనమ్మా సఖినేటిపల్లి దగ్గర పంటు ఎక్కి నరసాపురం మీదుగా వస్తాం. ఈలోగా ఒక్క సంగతి కనుక్కుని రాయి. శనివారం సాయంత్రం నీ మందిరం ఎవరో ఊడుస్తున్నారు, చాపలు దులిపి పరుస్తున్నారు, కుండలో నీళ్లు నింపుతున్నారు. ఆ మనిషి ఎవరు, ఎప్పటి నుంచి చేస్తోంది, చెయ్యమని ఎవరు చెప్పారు?

ప్రేమతో,
తాతయ్య